నేల తాగేసింది

నేల సమం కావడానికి నిన్న పోసిన లెవెలింగ్ కాంపౌండ్ పొద్దున్నకల్లా ఆ మూలలో మళ్లీ గుంటపడింది.

"ఇదేం విడ్డూరం?" అంది టీచరమ్మ.

సోమవారం ఆ అద్దె హాల్లో ఆవిడ చిన్నపిల్లల బడి తెరవాలి. ఉన్న ఉద్యోగం మానేసి మరీ పెట్టుకుంటున్న బడి. టైల్స్ నేల ఆ మూలలో కాస్త దిగి ఉంది. పరుగెత్తే పిల్లలు బోర్లా పడతారని దాన్ని సమం చేయిస్తోంది.

మేస్త్రి తల గోక్కున్నాడు.

"టైల్ నునుపంతా గ్రైండర్‌తో గీకేశానమ్మా. ప్రైమర్ కొట్టాను. అయినా నేల తాగేస్తోంది. ఇది పల్చటి రకం, అందుకే. చిక్కటిది తెద్దాం."

"ఏ రకమన్నది కాదండీ..."

ఇద్దరూ తిరిగి చూశారు. గుమ్మంలో ఒక మనిషి. మాసిన చొక్కా, జుట్టు నిండా బూడిదరంగు పొడి. కొన్నాళ్లుగా ఆ వీధిలో తచ్చాడుతున్నవాడే.

"పోసిందంతా ఎటు పోతోందో చూడాలి. ఇంకా బరువు వేయకండమ్మా."

"నువ్వెవరయ్యా చెప్పడానికి?" మేస్త్రి గయ్యిమన్నాడు.

ఆ మనిషి మూలవైపు వేలు చూపించాడు.

"ఈ హాలు కింద గది ఉంది కదా. ఒక్కసారి తీయించి చూడండి."

"అది పాత సామాన్ల గది. ఎప్పటినుంచో తాళమేసి ఉందని ఓనరుగారే చెప్పారు. లోపల సంగతి నీకెలా తెలుసు?" అంది టీచరమ్మ.

అతను జుట్టులో పొడి దులుపుకుంటూ ఒకడుగు వెనక్కి వేశాడు.

"పని కోసం వేషాలమ్మా ఇవి. నా పొట్ట కొట్టడానికొచ్చాడు" అన్నాడు మేస్త్రి.

టీచరమ్మకి అసలే తల వేడెక్కి ఉంది. "ఇంకోసారి ఈ గుమ్మం తొక్కితే పోలీసులకి చెప్తాను, వెళ్లు" అంది.

అతను వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆ మూలవైపే చూశాడు.

సిమెంటు కొట్లో ఆవిడ రకరకాల బస్తాలు తిరగేసింది.

"టైల్స్ మీదకైతే ఇది పట్టుకెళ్లండి. ఎంత మందంగా పోసినా పగలదు. కాకపోతే బరువు ఎక్కువ" అన్నాడు కొట్టువాడు.

పగలదన్న మాట దగ్గరే ఆవిడ ప్రాణం కుదుటపడింది. తర్వాతి మాట చెవికెక్కలేదు.

పోశారు. గుంటపడింది. మళ్లీ పోశారు. ఈసారి నిలిచింది. మేస్త్రి మట్టపుబద్ద పెట్టి చూపించాడు. దానిలోని నీటి బుడగ సరిగ్గా మధ్యలో ఆగింది.

అతను వెళ్లాక హాల్లో ఆవిడ ఒక్కతే మిగిలింది. నేల కిందనుంచి కిర్రుమని ఏదో మూలిగింది. వంగి చెవి ఆనించింది. టక్, టక్, టక్. కర్ర మీద కర్రతో కొట్టినట్టు. అంతలోనే ఆగిపోయింది.

ఎలుకలు అనుకుంది. ఎలుకలు అలా కొట్టవని ఆవిడకీ తెలుసు. భయమేసింది. కానీ పిల్లల తల్లిదండ్రులందరికీ సోమవారమని చెప్పేసింది కదా!

సోమవారం పిల్లలొచ్చారు. హాలంతా గోల. గంతులు.

ఆ గంతులకి మూలనుంచి సన్నటి చీలిక బయల్దేరి గోడదాకా పాకింది. నేల వణికింది. టీచరమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది.

"పిల్లలూ, రైలాట! ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని బయటికి పదండి!"

నేల కుంగింది. కుంగి, ఆగింది. బుడిబుడి అడుగులతో రైలు మెల్లగా కదులుతోంది. నేల మళ్లీ కుంగింది, మళ్లీ ఆగింది. అందరికంటే చిన్నదాన్ని చంకనేసుకుని ఆవిడ గడప దాటిందో లేదో, వెనక సగం హాలు పెద్ద చప్పుడుతో కిందికి పోయింది.

ఒక్క బిడ్డకీ గీత పడలేదు.

ఓనరు ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు. "అదృష్టం బావుంది. కింద ఎవరూ ఉండరు."

ఫైరింజన్ వాళ్లు వెళ్లి చూస్తే కింది గది ముందు తలుపుకి తాళం అలాగే ఉంది. వెనక సందులోని చిన్న తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. లోపల ఒక చాప, ఒక స్టవ్వు. హాలు నేలని మోసే దూలాల కింద ఎక్కడెక్కడినుంచో ఏరి తెచ్చి నిలబెట్టిన కర్ర దుంగలు. వాటిలో నడిమిది విరిగిపోయి ఉంది.

ఆ విరిగిన దుంగ చోట, శిథిలాల మధ్య, తెరిచిన తలుపుకి అడుగు దూరంలో, దూలానికి భుజం ఆనించి రెండు చేతులతో పట్టుకుని ప్రాణం విడిచి ఉన్నాడు టీచరమ్మ తరిమేసిన మనిషి.