పెద్ద కె, కొత్తపేట

"యెస్ కొట్టు."

"కొట్టనండి."

సత్యదుర్గ తలెత్తలేదు. గొంతు పెంచలేదు. చేతులు మాత్రం కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మేనేజరు హరిబాబు నమ్మలేనట్టు చూసేడు. మొన్న మొన్న చేరిన పిల్ల. ఎవరైనా గట్టిగా పలకరిస్తే బెదిరిపోయే పిల్ల.

రాజోలులో గల్ఫ్ ఇళ్ళల్లో పనికి ఆడవాళ్ళని పంపే ఆఫీసు అది. వెళ్ళేవాళ్ళ పాస్‌పోర్టు కాపీలన్నీ ఆ కంప్యూటర్లోంచి అమలాపురం హెడ్డాఫీసులో సర్వర్ అనే పెద్ద మిషన్‌కి పంపాలి. వీసాల పని అక్కడే మొదలవుతుంది.

ముందురోజు నుంచీ కంప్యూటరు సర్వర్ లోపలికి పోనివ్వడం లేదు. సర్వర్‌ని గుర్తుపట్టే వేలిముద్ర మారింది, అయినా నమ్ముతారా అని అడుగుతోంది. కింద ఆ ముద్రే, చదివితే మాట కాని ఇంగ్లీషు అక్షరాల వరస.

"కొత్త మిషన్ పెట్టేమని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిందా లేదా?"

"వచ్చిందండి. ఎవరు పెట్టేరో తెలీదు కదండి."

"పైన హెడ్డాఫీసు బొమ్మ ఉంది కదా!"

"బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చండి."

హరిబాబుకి ఒళ్ళు మండింది.

"మలికిపురం ఆఫీసువాళ్ళు నిన్ననే కొట్టేసేరు. రామచంద్రపురంవాళ్ళూ కొట్టేసేరు. నీ ఒక్కదానికే వచ్చిందా చదువు?"

అప్పుడే అద్దాల తలుపు కొంచెం తెరుచుకుంది. నేత చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు, నడివయసు మనిషి.

ఆవిడ నోరు తెరిచేలోపే హరిబాబు చెయ్యి ఊపేడు.

"బయట బెంచీ మీద కూర్చోండి. వరసలో పిలుస్తాను."

తలుపు మూసుకుంది.

"మేడమ్ గారు చదివితే కొడతానండి," అంది సత్యదుర్గ.

"ఏ మేడమ్?"

"సర్వర్ చూసే మేడమ్ గారండి."

ఆ మేడమ్‌ని సత్యదుర్గ ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రమే తెలుసు. చేరిన కొత్తలో ఫోన్లో పని నేర్పింది ఆవిడే.

"ముద్ర నమ్ముతారా అని కంప్యూటరు ఎప్పుడడిగినా నాకు ఫోన్ చెయ్యమ్మా. నా ఎదురుగా ఉన్న మిషన్ చూసి అక్షరాలు చదువుతాను. నువ్వు తెర మీద వేలు పెట్టి పోల్చుకో. అవి దాచుకునేవి కాదు, ఎవరైనా చూడొచ్చు. కానీ ఇంకో మిషన్‌కి వాటిని తన ముద్రగా చూపించడం కుదరదు."

పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పోకుండా ఊళ్ళ పేర్లు కలిపి చదివేది.

"పెద్ద కె, కొత్తపేట. చిన్న పి, పలివెల. పెద్ద ఆర్, మీ రాజోలే."

ఆ ఆఫీసులో చేరేక సత్యదుర్గ మొదటిసారి నవ్వింది అప్పుడే.

"ఆవిడ ఫోను నిన్నట్నుంచీ కలవడం లేదండి. హెడ్డాఫీసుకి చేసి కబురు పెట్టేను."

"నీ కబురుకి అమలాపురం నుంచి పరిగెత్తుకొచ్చేస్తారా?"

"వచ్చేదాకా ఆగుదామండి."

"ఆగితే ఆ ఆడవాళ్ళ వీసాలు ఆగిపోతాయి!"

"పాస్‌పోర్టులు దొంగ చేతిలో పడితే వాళ్ళ పేరుమీద ఏం చేస్తాడో తెలీదండి. అందులో మా పిన్నిది కూడా ఉందండి."

"అయితే నీకే తొందరుండాలి కదా!"

"ఆయ్. అందుకేనండి కొట్టనంటున్నాను."

"లే."

లేచింది.

"రేపట్నుంచి రాకు."

"రానండి." చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "నేను మాత్రం కొట్టలేదండి. మీరు కొడితే, కొట్టింది మీరేనని గుర్తుంచుకోండి."

బెంచీ మీదున్నవాళ్ళకి ఎర్రబడ్డ కళ్ళు చూపించడం ఇష్టంలేక వెనక తలుపు గుండా వెళ్ళిపోయింది.

హరిబాబు ఆమె కుర్చీలో కూర్చున్నాడు. పాత ముద్ర చెరిపేసి యెస్ కొట్టేడు. కంప్యూటరు చక్కగా లోపలికి పోనిచ్చింది.

"ఏమైందిప్పుడు? కొంప మునిగిందా?" అన్నాడు ఖాళీ గదితో.

కాపీలన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయేయి. టీ తాగి, అప్పుడు పిలిచేడు.

"తర్వాత ఎవరండీ?"

నేత చీరావిడ వచ్చింది.

"కువైటా, దుబాయా?"

"ఎక్కడికీ కాదండి. సత్యదుర్గ అని..."

"మానేసింది. వంట వచ్చా? పిల్లల్ని చూసుకోగలరా?"

ఆవిడ తెర మీద ఇంకా అలాగే ఉన్న అక్షరాల వైపే చూస్తోంది.

"యెస్ ఎవరు కొట్టేరండి?"

"నేనే. మీకెందుకు?"

ఆవిడ కవర్లోంచి చిన్న కాగితం తీసింది.

"నేను చదువుతాను. మీరు తెర మీద వేలు పెట్టి చూసుకోండి. పెద్ద కె, కొత్తపేట..."

హరిబాబు వేలు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. అది కె కాదు.

"చిన్న పి, పలివెల..."

పి కూడా కాదు.

"నేను ఏ మిషనూ మార్చలేదండి," అందావిడ, కాగితం మడుస్తూ. "నా ఫోను పాడైంది. ఆ పిల్ల కబురు పొద్దున్నే అందింది. వెంటనే బస్సెక్కేను. మిగతా ఆఫీసులు నిన్న పంపినవేవీ నా దగ్గరికి చేరలేదు. రాజోలు ఒక్కటీ మిగిలిందనుకున్నాను."

హరిబాబు ఆవిడ చీర వంక చూసేడు. కవరు వంక చూసేడు.

"మీరే ఆ మేడమని నేనెలా నమ్మాలండీ?"

"ఈ ప్రశ్న ఇందాక ఆ మిషన్ని అడగాల్సిందండి." ఆవిడ గొంతు పెంచలేదు. "నా గొంతు గుర్తుపట్టే మనిషి ఈ ఆఫీసులో ఒక్కతే ఉందండి. వెళ్ళి పిల్చుకురండి, నేనెవరో చెబుతుంది."