ఎనిమిదో నంబరు

“డాక్టరు నడవమన్నాడండీ, పరిగెత్తమనలేదు,” అంది విజయకుమారి.

“నడక బూట్లు ముసలాళ్ళకి. పరిగెత్తేవే తియ్యవయ్యా, ఎనిమిదో నంబరు,” అన్నాడు ఆమె మొగుడు కాంతారావు. బందరు కోనేరు సెంటర్లోని బూట్ల షాపంతా వాళ్ళనే చూస్తోంది.

“తొమ్మిది తీసుకోండి. షుగరుతో మీ కాళ్ళకి స్పర్శ పోతోందని డాక్టరుకి చెప్పాననేగా ఈ పంతం?”

“నా కాళ్ళ సంగతి నాకంటే నీకెక్కువ తెలుసా? ఆసుపత్రిలో పరువు తీసింది చాల్లేదా?”

షాపతను పెట్టె విప్పుతుంటేనే బూట్లు లాక్కుని తొడుక్కున్నాడు. అద్దం దాకా విసవిసా నడిచి వచ్చాడు.

“కొలిచి కుట్టినట్టున్నాయి. ఎక్కడా నొక్కట్లేదు. బిల్లు రాయి.”

విప్పిన బూట్లను విజయకుమారి విసురుగా అందుకుని లోపల చెయ్యి పెట్టింది. ఒకదాని ముక్కులోంచి, కంగారులో షాపతను తీయడం మరిచిన కాగితపు ఉండ, నలిగి రాయిలా గట్టిపడి బయటికొచ్చింది.

“ఇదేంటండీ మరి?” అని మొగుడి మొహం ముందు పెట్టింది.

కాంతారావు దాన్ని అందుకుని వేళ్ళతో నొక్కి చూశాడు. తర్వాత, పొద్దుటి నుంచీ మొదటిసారి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏ కాలి బూటులోదే అది?”