కువైట్ చేరినట్టే

కువైట్ పోయే ప్రయత్నం మొదలుపెట్టేటప్పటికి ఇక్బాల్ చేతిలో ఉన్నవి ఇవి: బండి నడిపే లైసెన్సు, కువైట్‌లో ఉన్న మేనమామ గౌస్ మొహిద్దీన్ మాట, ఆ మాట మీద ఒక షేక్ ఇంట్లో డ్రైవర్ పని. లేనిది పాస్‌పోర్టు ఒక్కటే. దానికి దరఖాస్తు పెట్టాడు, ఆఫీసుకు పోయి వేలిముద్రలు కూడా ఇచ్చి వచ్చాడు. ఇక పోలీసులు ఇంటికొచ్చి, ఈ మనిషి ఈ ఇంట్లోనే ఉంటున్నాడని విచారించుకుని పోవాలి. వాళ్లు రావడం లేదు.

మేనమామ ఫోన్ చేసి, షేక్ నెలాఖరు వరకే ఆగుతాడన్నాడు. ఆ తర్వాత పని జమ్మలమడుగులో కాచుకుని ఉన్న ఇంకో డ్రైవర్‌కు పోతుంది. ఆ మనిషి పాస్‌పోర్టు ఎప్పుడో వచ్చి బీరువాలో కూర్చుంది.

అప్పటినుంచి ఇక్బాల్‌కు ముద్ద దిగడం లేదు. ప్రొద్దుటూరు కొట్లలో బట్టల మూటలు బండికెత్తి చుట్టుపక్కల ఊర్లలో దించి రావడం అతని పని. అలా మూటలెత్తే ఒక కొట్టు మేడ మీదే నరేష్ అనే అతను, గట్టిగా అనుకుంటే ఏదైనా జరుగుతుందని నేర్పే గెలుపు క్లాసులు నడుపుతాడు. ఇక్బాల్ తన దిగులు అతనికి చెప్పుకున్నాడు.

"వస్తాదో రాదో అనుకుంటాంటే యాడొస్తాది భాయ్," అన్నాడు నరేష్. "వచ్చేసింది అనాల. కువైట్‌లోనే ఉండానని అనాల. కండ్లు మూసుకుంటే ఆడి రోడ్డు కనపడాల, స్టీరింగు చేతికి తగలాల."

కళ్లు మూసుకున్న ఆ కాసేపూ ఫోన్ ఆపేయాలట. ఇంట్లోవాళ్లు కూడా అదే మాట మీద ఉండాలట. ఒక్కరు ఎదురుమాట అన్నా కట్టిందంతా కూలిపోతుందట. పెట్టుబడి లేని బేరం కాబట్టి ఇక్బాల్ వెంటనే ఒప్పుకున్నాడు.

చిక్కు తల్లి ఖమర్‌బీ దగ్గర వచ్చింది. రేపు వండబోయే కూర గురించి చెప్పాలన్నా ఆమె ముందు ఇన్షా అల్లా, దేవుడు తలిస్తే, అంటుంది. కొడుకు అది వద్దన్నాడు. అయిపోయిన పనికి అల్లాకు కృతజ్ఞత చెప్పినట్టు అల్‌హందులిల్లా అని, కువైట్‌లో ఉన్నాడని చెప్పమన్నాడు.

"కానిదాన్ని అయిందని అల్లా ముందర చెప్పమంటావేందిరా?"

"నా బతుకు నీ నోట్లో ఉండాది అమ్మీ."

ఆమె సరేనంది. సరే అన్న సరుకు గట్టిదో కాదో చూసుకోవాలి కదా. మర్నాడు ఇక్బాల్ ఇంకొకరి ఫోన్ నుంచి గొంతు మార్చి, ఇక్బాల్ ఉన్నాడా అని అడిగాడు. బజారుకు పోయినాడు నాయనా, ఇన్షా అల్లా మధ్యాహ్నానికి వస్తాడు, అంది ఖమర్‌బీ.

ఇంటికొచ్చి అతను అరవలేదు. కంచం పక్కకు తోసి గోడకేసి కూర్చున్నాడు.

"పరీక్ష పెడితే ఫెయిలైనావు. ఇంకా పెడతా. ఎవరొచ్చి అడిగినా ఒకటే మాట చెప్పాల."

కొడుకు తోసేసిన కంచాన్ని ఖమర్‌బీ తీసి మూతపెట్టింది. తన నోటివల్లే పని జమ్మలమడుగుకు పోతుందేమోనని ఆమెకు గుబులు పట్టుకుంది. రొట్టెలు కాలుస్తూ అదే మాట గొణుక్కుంది. సాయంత్రం గోడ అవతలి మహమూదాను పిలిచి ఆమెకూ నేర్పింది.

మరుసటి రోజు ఇక్బాల్‌కు పులివెందుల సరుకు పడింది. ముద్దనూరు దగ్గర బండి పక్కకు ఆపి, ఫోన్ కట్టేసి, దూరంగా థర్మల్ కరెంటు కేంద్రం పొగగొట్టాలను ఒకసారి చూసి కళ్లు మూసుకున్నాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు అన్నీ కుదిరాయి. పొగగొట్టాలు చమురు కంపెనీవయ్యాయి. రోడ్డు నల్లగా, తిన్నగా పోతోంది. వెనక సీట్లో షేక్ పిల్లలు పోట్లాడుకుంటున్నారు. కళ్లు తెరిచేసరికి గుండెదడ తగ్గింది. ఆ నెమ్మదిలో ఫోన్ సంగతే మరిచిపోయి పులివెందులలో మూటలు దించి తిరిగొచ్చాడు.

వాకిట్లోనే ఖమర్‌బీ ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఈపొద్దు పాసయినా బేటా. నువ్వు పంపిన మనిషి మోటారుసైకిల్ మీద వచ్చినాడు. ఇక్బాల్ యాడ అనె. అల్‌హందులిల్లా, కువైట్‌లో ఉండాడంటి. ఎప్పుడు పోయినాడనె. శానా దినాలాయంటి. పక్కింట్లో కూడా అడిగె. మహమూదా కూడా తడుముకోకుండా అదే చెప్పె."

"నేనెవర్నీ పంపలేదు అమ్మీ."

అతను జేబులోంచి ఫోన్ తీసి ఆన్ చేశాడు. తెలియని నంబరు నుంచి మళ్లీమళ్లీ ఫోన్ వచ్చినట్టు చూపించింది. ఆ నంబరుకే చేసి పేరు చెప్పాడు.

అవతల, యూనిఫాం లేకుండా విచారణకు వచ్చిపోయిన కానిస్టేబుల్ నాగేంద్ర. "యాడ నుంచి మాట్లాడతాండావప్పా, కువైట్ నుంచా?"

ఇక్బాల్, తాను దేశం దాటి ఎక్కడికీ పోలేదని, అది నరేష్ చెప్పిన సాధన అని, అమ్మ తన మాట విని అలా అందని ఒక్క ఊపిరిలో చెప్పుకున్నాడు. నాగేంద్ర అంతా విన్నాడు.

"ఫోను చేస్తే స్విచ్చాఫ్. ఇంట్లో అడిగితే కువైట్. పక్కింట్లో అడిగినా కువైట్. పాస్‌పోర్టు లేకుండా కువైట్‌కు నడుచుకుంటా పోతారాప్పా ఎవరన్నా? మధ్యాహ్నమే రిపోర్టు పంపిచ్చేసినా."

"ఏమని సార్?"

నాగేంద్ర చెప్పాడు. ఖమర్‌బీ దగ్గరికొచ్చి మెల్లగా కొడుకు చేయి పట్టుకుంది.

"పాసయినా కదా బేటా?"

మొదట్లో ఇక్బాల్‌కు లేనిది ఒక్క పాస్‌పోర్టు. ఇప్పుడు పోలీసుల రిపోర్టు ప్రకారం అది అతని దగ్గర ఎప్పటినుంచో ఉంది. దాన్ని దాచిపెట్టి అతను అడుగుతున్నది రెండోది.