మడతలో మిగిలిన ద్వీపం

“పొగమంచు కమ్మితే ఏం చేస్తాం? పెద్ద ఓడేదో మన మీదికే వచ్చేస్తే?” అంది సోల్వె.

“అమ్మా, ఇంకా పడవ తాడే విప్పలేదు, అప్పుడే ముంచేశావా!” అని నవ్వింది కూతురు తూవా.

ఉన్నది వారం సెలవు. మధ్యాహ్నం గాలి తిరిగేలోగా ఎటు పోవాలో తేల్చుకోవాలి. సోల్వె భర్త స్టెలన్ ఎప్పటిలాగే సముద్రపటాన్ని మడిచి బల్ల మీద పెట్టాడు. తూవా ఏ ద్వీపం మీద వేలు పెట్టినా సోల్వె అడ్డం పడింది. ఒకచోట రాళ్ళు, ఇంకోచోట సుడులు. స్టెలన్ మాత్రం కాఫీ తాగుతూ కూర్చున్నాడు. కొడుకుని మింగిన నీళ్ళ మీద ఈ మనిషి ఇంత నిశ్చింతగా ఎలా ఉంటాడో అని ఆమెకు ఏటా కడుపు మండేది.

“ఇవన్నీ చూసినవేగా,” అంటూ తూవా పటం మొత్తం విప్పింది. “అమ్మా, ఆల్‌స్కర్ ద్వీపం లోపలి మడతలో ఉంది! ఏటా నువ్వే దాస్తున్నావా?”

కొడుకు ఈవర్ మునిగిపోయింది అక్కడే.

“నేనా? నేనెప్పుడూ పటం ముట్టుకోనే లేదే.”

స్టెలన్ కప్పులో కాఫీ తొణికింది.

సోల్వె అతని పక్కకు జరిగింది. “నువ్వు వాణ్ణి మరిచిపోయావనుకున్నాను, స్టెలన్. ఈసారి అక్కడికే పోదామా?” అని, తన మాటకు తనే ఉలిక్కిపడింది.

స్టెలన్ పటంలోని ఆ మడతను అరచేత్తో సాపు చేశాడు.

“పోదాం,” అన్నాడతను చివరికి. “చుక్కాని మాత్రం నువ్వు పట్టుకో. ఆ దరికి పోతే వాడింకా నన్ను పిలుస్తాడు. నాకు భయం.”