తెరకు తగలని చోటు

తెర మళ్లీ కెమెరాకు తగులుకుంది.

లోర్నా విసుగ్గా లాగింది. మడతల తెర ఒక పక్క పట్టాలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది.

మోటర్‌హోమ్ ముందు అద్దానికి రెండు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలిసే తెరలవి. అవి మూసుకుంటేనే ఆ బండి ఇల్లవుతుంది. లేకపోతే దారినపోయే ప్రతివాడూ లోపలికి చూసేవాడే. దారిని వీడియో తీసేందుకు కొత్తగా కొన్న కెమెరా సరిగ్గా ఆ కలిసేచోటే అద్దానికి అతుక్కుని కూచుంది.

ఇంగ్లండులో, నార్తంబర్లాండ్ తీరంలోని ఆ క్యాంపుసైటుకు ఆమె వచ్చి ఒక పూటయింది. అంత పెద్ద బండిని ఒంటరిగా నడపడం ఇదే మొదలు.

"కోపం తెర మీదా, కెమెరా మీదా?"

పక్క బండి మనిషి. అరవై దాటి ఉంటాయి. చేతిలో టీ కప్పు.

"రెంటి మీదా. ఇప్పుడు మీరూ చేరారు."

ఆయన నవ్వాడు. "నన్ను చూడమంటారా? ఇలాంటివి చాలా బళ్లకి బిగించాను."

లోర్నా పక్కకు జరిగింది.

ఆయన ముందు తెరను పట్టాలోకి ఎక్కించాడు. తర్వాత కెమెరా ఊడదీశాడు. చుట్టూ చూశాడు.

"ఆ గిన్నెలో ఏమిటమ్మా?"

"స్కోన్ రొట్టెలకి కలిపిన పిండి."

"చిన్న ముద్ద ఇవ్వండి."

కెమెరా అంత ముద్ద చేసి అద్దం పైభాగాన అంటించాడు. తెరలు మూసి, తెరిచాడు. ముద్ద అణిగి అప్పచ్చిలా అయింది.

"ఇక్కడ చోటు లేదు."

కాస్త కిందుగా పెట్టాడు. అక్కడా అణిగింది.

"మీ పిండి భలేగా అతుక్కుంటోందమ్మా. తిన్నాక కడుపులోనూ ఇంతేనా?"

"తినకముందే వంకలు పెట్టకండి. సాయంత్రం మీకూ పంపుదామనుకుంటున్నా."

"అయితే నోరు మూసుకుంటాను."

అద్దం కిందికి వచ్చేకొద్దీ ముందుకు వాలి ఉంది. తెరకీ దానికీ మధ్య ఎడం అక్కడ ఎక్కువ. అడుగున పెట్టిన ముద్ద చెక్కుచెదరలేదు. ఆయన అద్దం తుడిచి, కెమెరా అక్కడ అంటించి, వైరును పట్టా కిందుగా దూర్చసాగాడు.

"ఎందాకా ప్రయాణం?"

"ఇక్కడికే. ఈ కొండ కింద మలుపు చూడ్డానికి." లోర్నా చేతులకున్న పిండి దులుపుకుంది. "మావారు అక్కడే పోయారు. సైకిల్ మీద వస్తుంటే కారు గుద్దేసింది. నాలుగేళ్ల కిందట, ఇదే వారంలో. ఇన్నాళ్లూ రావడానికి ధైర్యం చాల్లేదు."

ఆయన తల ఎత్తలేదు. వైరు ఎక్కడో పట్టేసినట్టుంది, చేతులు ఆగాయి.

"ఆ కారు దొరకనేలేదు. అందుకే ఈ కెమెరా. ఆ రోజు వెనక బండిలో ఇదొక్కటి ఉండుంటే!"

వైరు మళ్లీ కదిలింది.

"ఉన్నాడు లెండి ఒక మహానుభావుడు వెనకాల. పోలీసులు చెప్పారు. గుద్దిన కారు కాస్త ముందుకెళ్లి ఆగి, ఆ తర్వాతే పారిపోయిందట. నాలుగడుగులు పరుగెత్తితే నెంబరు కనపడేది. ఈయనగారు రోడ్డు మీద చతికిలబడి కూచున్నాడట!"

ఆయన వైరు చివరను కెమెరాకు గుచ్చాడు.

"విచారణలో ఏదో చెప్పుకున్నాడట. నేను వెళ్లలేదు. మా మరిది చెప్పబోతే వద్దన్నాను. ఆ మనిషి ఎదురుపడితే మాత్రం ఊరుకోను."

"ఏమంటారు?"

"కాళ్లు లేవా నాయనా, అని అడుగుతాను."

ఆయన పట్టా మీద మిగిలిన పిండిని గోటితో గీకాడు.

"నిజమేనమ్మా," అన్నాడు. "పరుగెత్తాల్సింది."

తెరలు రెండూ లాగి చూపించాడు. అవి మధ్యలో మెత్తగా కలిశాయి, కెమెరా వాటి వెనక భద్రంగా ఉండిపోయింది. ఆయన చల్లారిన టీ కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

పేరైనా అడగలేదే అనుకుంది లోర్నా.

సాయంత్రానికి ఆయన బండి తెరలన్నీ మూసి ఉన్నాయి. నిద్రపోతున్నాడేమో, పొద్దున ఇద్దాంలే అనుకుంది.

పొద్దున స్కోన్ల పళ్లెంతో వెళ్లేసరికి అక్కడ బండి లేదు. చక్రాల కింద నలిగిన గడ్డి మాత్రం ఉంది.

ఆమె ఆఫీసుకు నడిచింది. క్యాంపుసైటు చూసుకునే నోరీన్ కిటికీ తలుపులు తీస్తోంది.

"ఆయనా? తెల్లవారుతూనే వెళ్లిపోయాడు తల్లీ. ఆదివారం దాకా ఉండాల్సినవాడు. ఏమైందో! ఏటా ఇదే వారం వస్తాడు. కెమెరా లేని బండి కనిపిస్తే చాలు, అడిగి మరీ బిగించిపెడతాడు."

"అంత పిచ్చా కెమెరాలంటే?"

"పిచ్చి కాదు, దిగులు. ఈ కొండ కింద ఒక సైకిలాయన్ని కారు గుద్దింది. వెనకే వస్తున్నది ఈయనే. నెంబరు చూళ్లేదని ఇప్పటికీ కుమిలిపోతాడు."

లోర్నా పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మరి ఎందుకు పరుగెత్తలేదట?" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎలా పరుగెత్తుతాడు తల్లీ?" అంది నోరీన్. "మా ఆవిడ వచ్చేదాకా నా దగ్గర కూచోవా అని ఆ సైకిలాయన ఈయన చెయ్యి పట్టుకుని అడిగాడట, ప్రాణం పోయాక కూడా చాలాసేపు ఆ చేతిని వదల్లేదట ఈయన."