మోగని గంట

వీధంతా నా గొంతుని కంచు అంటుంది, నా కొడుకుని బంగారం అంటుంది. మనుషులకి పెట్టిన లోహాల పేర్లు నేను నమ్మను. కొట్టి, విని, అప్పుడు నమ్ముతాను.

వాడు కొత్తగా పోత పోసిన గంటని కర్రసుత్తితో కొట్టాను. మట్టికుండలా టక్కుమని ఊరుకుంది. దానిమీద ఉన్నది నా పేరు.

"తగరం మిగుల్చుకుని సీసం కలిపావు కదరా? వంకరమాటలొద్దు, తిన్నగా చెప్పు."

"మీరు నేర్పిన పాళ్ళే నాన్నా, ఒట్టు!" అని అరిచాడు.

ఈమధ్య నాతో ఏం మాట్లాడినా అరుపే. తప్పు చేసినవాడే గొంతు పెంచుతాడు. నాకు తెలీదా?

"అయితే ఎందుకు మోగదురా ఇది?"

వాడు నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. దొరికిపోయాడనుకున్నాను. ఒళ్ళు మండి, ఈసారి బలమంతా పెట్టి కొట్టాను.

వాడు ఒక్క గెంతు గెంతి, గంటని రెండు చేతులా వాటేసుకుని ఆపాడు.

అప్పటికే కోడలు పాపని భుజానేసుకుని ఇంట్లోంచి పరుగున వచ్చి కొలిమి గుమ్మంలో నిలబడింది. నిద్ర చెడిన పాప మొహం ఎర్రగా చేసుకుని, నోరంతా తెరిచి ఏడుస్తోంది.

ఆ ఏడుపు నాకు వినబడలేదు.