ఎడమ చెయ్యి తీసిన చొక్కాలు

రాత్రి నమాజు అయ్యాక మబ్రూకా సంచి సర్దుతోంది. తెల్లవారకముందే భర్త హాదీ ట్యూనిస్ ఆసుపత్రికి బయలుదేరాలి. తోడు కొడుకు నిజార్. ఇద్దరి బట్టలూ ఒకే సంచిలో పెట్టింది.

ఆమె ఇటు తిరిగి అటు తిరిగేలోగా హాదీ ఎడమ చెయ్యి సంచిలోంచి ఒక చొక్కా తీసి చాప మీద పెట్టింది.

"వెళ్లడం ఇష్టం లేక నాటకాలాడుతున్నావా?"

"నేను తియ్యలేదే. అదే తీస్తోంది," అన్నాడు హాదీ, ఆ చేతిని పరాయివాళ్ల చేతిలా చూస్తూ.

మెదడు రెండు సగాలనీ కలిపే నరాలు దెబ్బతిన్నాయనీ, ఆ చెయ్యి ఇక అతని మాట వినదనీ డాక్టరు ముందే చెప్పాడు. మబ్రూకా మళ్లీ సర్దింది. చెయ్యి మళ్లీ తీసింది. ఆమె దీపం దగ్గరికి తెచ్చింది. హాదీ బట్టలు సంచిలోనే ఉన్నాయి. బయటున్నవన్నీ నిజార్‌వి.

"నా చొక్కాల మీద మోజు పడింది లేమ్మా," అని నిజార్ నవ్వాడు.

ఆమె నవ్వలేదు. ఆ చేతివైపే అనుమానంగా చూస్తూ కూర్చుంది.

గుమ్మం దాటుతుంటే ఆ చెయ్యి నిజార్ మణికట్టు పట్టుకుంది. "వదలవే, పాడుదానా," అంటూ మబ్రూకా ఒక్కొక్క వేలే ఊడదీసింది. వెళ్లేవాళ్లు తిరిగి రావాలని వెనకాల నీళ్లు పోస్తారు. గిన్నెడు నీళ్లూ ఆమె జబ్బుమనిషి వెనకే పోసింది. కొడుకు గురించి ఆలోచనే రాలేదు.

రంజాన్ మొదలయ్యాక హాదీని ఎవరో ఊరివాళ్లు ఇంటికి చేర్చారు. ఆసుపత్రి బయట టీ తాగి వస్తానన్న నిజార్, రంజాన్‌కు ముందు నెల షాబాన్‌లో చివరి మంగళవారం వెళ్లి, ఇక రాలేదు.